హార్లాక్ నోట మాటలు పెంచకండి

తెలుగులో అనిమేకి (జపాన్ యానిమేషన్ కథలకి) మాటలు రాస్తున్న రచయితలకు, డబ్బింగ్ ఇన్‌ఛార్జులకు, గొంతు ఇస్తున్న కళాకారులకు,

నమస్కారం.

మీలో ఎవరూ నాకు పరిచయం లేదు. మీ పనితో మాత్రం బాగానే పరిచయం ఉంది. ఒకప్పుడు తెలుగులో అనిమే అంటే పిల్లల చానల్లో వచ్చే బొమ్మల కథలే. ఇప్పుడు ఓటీటీలో కొత్త సిరీస్‌లు తెలుగు మాటలతో వస్తున్నాయి. 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్' తెలుగులోనూ థియేటర్లకు వచ్చింది. మా మేనల్లుణ్ని తీసుకెళ్లాను. సబ్‌టైటిళ్లు చదివే బాధ లేకుండా వాడు తెర మీంచి కళ్లు తిప్పకుండా చూస్తుంటే, ఇది మీ పుణ్యమే అనుకున్నాను.

కొత్తవాటి పని తెమిలాక మీరు పాతవాటి జోలికి వస్తారని నా ఆశ. 1970ల నాటి గొప్ప సిరీస్‌లు తెలుగు గడప తొక్కాల్సినవి చాలా ఉన్నాయి. ఆ వరసలో ఏదో ఒక రోజు 'స్పేస్ పైరేట్ కెప్టెన్ హార్లాక్' స్క్రిప్టు మీ బల్ల మీదికి వస్తుంది. వచ్చినప్పుడు అతని నోట మాటలు పెంచకండి. ఉన్నవాటిని తెలుగు చెయ్యండి, లేనిచోట లేనట్టే వదిలెయ్యండి. నేను అడగదలుచుకున్నది ఇంతే. ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికి మాత్రం కొంచెం చోటు కావాలి.

నాకు హార్లాక్ దొరికింది జపాన్ నుంచి కాదు, ఫ్రాన్స్ నుంచి. అక్కడ నాలుగేళ్లు ఉద్యోగం చేశాను. మా ఆఫీసులో యాభై దాటిన ఒక ఇంజనీరు బల్ల మీద పుర్రె, ఎముకల గుర్తున్న చిన్న నల్లజెండా ఉండేది. చాలా నెమ్మదస్తుడు, గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. జెండా సంగతి అడిగితే "అల్బతోర్" అన్నాడు, ఇంటి దేవుడి పేరు చెప్పినట్టు. 1980 జనవరిలో ఫ్రెంచ్ టీవీలో మొదలైందట, అప్పుడు ఆయన బడిపిల్లాడు. మర్నాడు డీవీడీలు తెచ్చిచ్చాడు. నేను ముప్పై ఏళ్లు దాటాక, శీతాకాలం రాత్రుళ్లు, ఆ 42 భాగాలూ చూశాను. తర్వాత జపనీస్ గొంతులతో, సబ్‌టైటిళ్లతో మళ్లీ చూశాను. ఆ తర్వాత ఎన్నిసార్లు చూశానో లెక్క పెట్టుకోలేదు.

లెయిజి మత్సుమోతో ఈ కథను 1977లో మాంగాగా, అంటే జపాన్ బొమ్మల పుస్తకంగా, మొదలుపెట్టారు. తోయీ యానిమేషన్ దాన్ని టీవీకి తీసింది, రిన్‌తారో దర్శకుడు. 1978 మార్చి 14 నుంచి 1979 ఫిబ్రవరి 13 దాకా నడిచింది. కథ జరిగేది 2977లో. భూమ్మీద సముద్రాలు అంతరించిపోయాయి. పనంతా యంత్రాలు చేసిపెడుతుంటాయి. జనం టీవీల ముందు కూలబడి ఉంటారు, ఏలేవాళ్లకు కూడా వాళ్లు అలా ఉంటేనే సుఖం. ఆకాశంలోంచి ఒక పెద్ద నల్లగోళం వచ్చి పడినా, దాని మీద ఎవరూ చదవలేని రాత ఉన్నా, ప్రభుత్వానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. హెచ్చరించిన ప్రొఫెసర్ దైబాను చంపేస్తారు. దండెత్తి వస్తున్నది మజోన్లు. చూడ్డానికి అందమైన స్త్రీలు, పుట్టుక మొక్కల పుట్టుక. చచ్చిపోయేటప్పుడు కాగితం అంటుకున్నట్టు భగ్గున మండిపోతారు. తండ్రిని పోగొట్టుకున్న తాదాషి దైబా అనే కుర్రాడు, భూమ్మీద తన మాట వినేవాడు లేక, ఆర్కేడియా అనే ఓడ ఎక్కుతాడు. ఆ ఓడ కెప్టెన్ హార్లాక్. అతని తలకు భూమి ప్రభుత్వం వెల కట్టింది.

అంటే తనను పట్టుకుని చంపాలని చూసే భూమినే అతను కాపాడుతున్నాడు. దీని గురించి అతను ఉపన్యాసం ఇవ్వడు. అక్కడ మాయు ఉంది. మాయు అతని ప్రాణస్నేహితుడు తోచిరో కూతురు. ఆర్కేడియాను కట్టిన తోచిరో చనిపోయాడు, అతని ఆత్మ మాత్రం ఓడలోని పెద్ద కంప్యూటర్లో ఉండిపోయింది. పాప భూమ్మీద అనాథాశ్రమంలో పెరుగుతోంది. ఆమెను ఎర వేసి హార్లాక్‌ని పట్టుకోవాలని అధికారులు కాచుకుని కూర్చుంటారు. ఆ సంగతి తెలిసే అతను ఆమెను చూడ్డానికి దిగుతాడు. పాప ఒకరీనా అనే చిన్న ఊదే వాద్యం వాయిస్తుంటుంది. కాసేపు ఆమె దగ్గర నిలబడతాడు. మళ్లీ వెళ్లిపోతాడు.

నన్ను కట్టిపడేసింది ఆ నిలబడటమే. మొదటిసారి చూసినప్పుడు ఇంకేదో మాట అంటాడేమో అని ఎదురుచూశాను. "నీకోసమే ఇదంతా చేస్తున్నానమ్మా" అనో, "మీ నాన్నకు మాటిచ్చాను" అనో. ఆ మాటలన్నీ నాలో నేనే అనుకున్నాను, అతనికి బదులుగా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరీ భావుకుడిలా మాట్లాడుతున్నానని మీకు అనిపించవచ్చు, కానీ జరిగింది జరిగినట్టే చెబుతున్నాను. అతను మాట్లాడి ఉంటే నేను విని ఊరుకునేవాణ్ని. మాట్లాడలేదు కాబట్టి అతని బరువు నేను కూడా కొంచెం మోయాల్సి వచ్చింది.

మాటలు రాసేవాళ్లకు ఇక్కడొక ప్రమాదం ఉంది. ఆ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. జపాన్ టీవీ యానిమేషన్‌లో పెదాల కదలిక సులువు: మూసిన నోరు, సగం తెరిచిన నోరు, పూర్తిగా తెరిచిన నోరు. ఏ భాషైనా పట్టేస్తుంది. నోరే కనిపించని షాట్ దొరికితే రచయితకు పండగే. వీపు కనిపించినా, దూరం నుంచి చూపించినా ఎంత పొడవు మాటైనా పెట్టుకోవచ్చు, లిప్ సింక్ గొడవ లేదు. సరిగ్గా హార్లాక్ కథంతా అలాంటి షాట్లే. ఒక కంటికి పట్టీ. జుట్టు మొహం మీదికి జారి ఉంటుంది. చెంప మీదుగా గాటు. నిలువు కాలరు, పాదాల దాకా నల్లటి కేప్, దాని లోపల ఎరుపు. ఓడ వెనక భాగం పాతకాలపు చెక్క ఓడలా ఉంటుంది, అందులో అతని గది. కిటికీలోంచి నక్షత్రాల్ని చూస్తూ మనకు వీపు పెట్టి నిలబడతాడు. తక్కువ బొమ్మలతో పని కానివ్వాల్సిన రోజుల్లో, కదలని మనిషినీ కదిలే కేప్‌నీ పెట్టి వాళ్లు అతని లోపలి సంగతి చెప్పారు. ఆ వీపు చూస్తే మీ కలం దురద పెడుతుంది. దయచేసి ఆపుకోండి.

ఊరికే అనుమానంతో అంటున్న మాట కాదిది. ఆమధ్య ఒక సిరీస్ తెలుగులో చూశాను. పేరు చెప్పను, దాని మీద కష్టపడినవాళ్లను నొప్పించడం నా ఉద్దేశం కాదు. ఒక కత్తివీరుడు తమ్ముడి శవం పక్కన మోకాళ్ల మీద కూర్చుంటాడు. జపనీస్‌లో ఆ సన్నివేశంలో మాటలు లేవు. గాలి చప్పుడు, కత్తి ఒరలోకి జారిన చప్పుడు, అంతే. తెలుగులో అతను రెండు ప్రాసవాక్యాలు చెప్పాడు. మూడోది అంతకుముందు ఏడాది ఆడిన ఒక సినిమాలో హీరో పేల్చిన మాట. పక్కనున్న మా మేనల్లుడు ఫక్కున నవ్వాడు. వాడి తప్పేం లేదు, ఆ మాట వినగానే ఎవరికైనా నవ్వే వస్తుంది. కానీ అక్కడ ఒకడి తమ్ముడు చచ్చిపోయి పడున్నాడు.

ఇలా ఎందుకవుతుందో చాలా రోజులు ఆలోచించాను. నా ఊహ ఇది. మంచికీ చెడుకీ మధ్య నిలబడే మనిషి మనకు కొత్తేమీ కాదు. మన దగ్గర అలాంటివాడు మాటకారి. హార్లాక్ మాంగా మొదలైన 1977లోనే మన దగ్గర 'దాన వీర శూర కర్ణ' వచ్చింది. అందులో ఎన్టీ రామారావుగారి దుర్యోధనుడు, కొండవీటి వేంకటకవిగారి సంభాషణలు. ఆ సభలో అతను గుక్క తిప్పుకోకుండా వాదిస్తుంటే జనం ప్రతినాయకుడి పక్షానికి వెళ్లిపోయారు. నేనూ వెళ్లాను, ఇప్పటికీ ఆ క్యాసెట్ మాటలు నాకు నోటికొచ్చు. పద్యనాటకాల రావణుడు కూడా అంతే, రాగం తీసి మరీ తన న్యాయం చెప్పుకుంటాడు. చెవులతో గెలిచే సంప్రదాయం మనది, దాని మీద నాకు ఎంతో గౌరవం. అందుకే నల్లబట్టలేసుకున్న ఒంటికన్ను మనిషి తెర మీదికి రాగానే మన చెయ్యి తనంతట తానే సమాసాల వైపు వెళుతుంది. హార్లాక్ ఆ వంశంవాడు కాడు. తన న్యాయం ఎవరికీ చెప్పుకోడు. చెప్పాల్సినవాళ్లకు ఒకప్పుడు చెప్పాడు, వాళ్లు వినలేదు, ఇక ఓడెక్కాడు.

ఆ మౌనం ఎక్కడి నుంచి వచ్చిందో కొంత తెలుసుకుంటే మీకు పనికొస్తుంది. మత్సుమోతో 1938లో కురుమేలో పుట్టారు. తండ్రి సైన్యంలో పైలట్. యుద్ధంలో జపాన్ ఓడిపోయాక, కొత్తగా ఏర్పడిన ఆత్మరక్షణ దళాల్లో చేరడానికి ఆయన ఒప్పుకోలేదు. మళ్లీ విమానం నడిపే అవకాశం వదులుకుని పేదరికంలో బతికారు. ఆ తండ్రి గురించి మత్సుమోతో జీవితాంతం చెబుతూనే ఉన్నారు, తన కెప్టెన్లలో ఆయన నీడ ఉందని కూడా. 1982లో వచ్చిన 'ఆర్కేడియా ఆఫ్ మై యూత్' సినిమా చూడండి. భూమి యుద్ధంలో ఓడిపోయి పరాయి సేనల చేతిలో ఉంటుంది. హార్లాక్ ఓడిన సైన్యపు అధికారిగా ఇంటికి తిరిగొస్తాడు. కన్ను పోయేదీ, ప్రాణంగా ప్రేమించిన మాయా అనే స్త్రీని పోగొట్టుకునేదీ ఆ కథలోనే. 1952 దాకా పరాయి సైన్యం కింద ఉన్న దేశంలో పెరిగిన పిల్లవాడు పెద్దయి గీసిన బొమ్మ అది. నేను హార్లాక్‌ని చూసినప్పుడల్లా ఓడిపోయిన యుద్ధం నుంచి ఇంటికొచ్చి అన్నం ముందు ఏమీ మాట్లాడకుండా కూర్చున్న ఒక తండ్రిని చూస్తున్నట్టే ఉంటుంది. ఆయన్ని బొమ్మల్లో మాట్లాడించి ఉంటే కొడుకు అబద్ధం చెప్పినట్టయ్యేది.

పరాయి భాషల్లో అతనికి ఏం జరిగిందో కూడా చెబుతాను, ఎందుకంటే ఇది డబ్బింగ్ వాళ్ల కథ. ఫ్రెంచ్‌వాళ్లు పేర్లన్నీ మార్చేశారు. హార్లాక్ అల్బతోర్ అయ్యాడు, ఆర్కేడియా అట్లాంటిస్ అయింది, తాదాషి రామిస్, మాయు స్టెల్లీ, ఓడలో ఉండే మీమే అనే స్త్రీ క్లియో. కొన్నిచోట్ల కత్తిరింపులు కూడా పడ్డాయి. అయినా ఆ కెప్టెన్ అక్కడ బతికాడు, మా ఆఫీసు బల్ల మీద నలభై ఏళ్లు జెండా ఎగరేశాడు. అమెరికాలో 1985లో ఇంకో పని చేశారు. అక్కడ వారానికి అయిదు రోజులు ప్రసారం చేసే చానళ్లకు 65 భాగాలు కావాలి, హార్లాక్ దగ్గర ఉన్నవి 42. దాంతో సంబంధమే లేని మత్సుమోతో మరో సిరీస్ 'క్వీన్ మిలెనియా' తెచ్చి రెంటినీ కలిపి కుట్టేశారు. ఒకరినొకరు ఎన్నడూ కలవని మనుషుల మధ్య కథ నడపాలంటే మాటలతోనే అతుకులు వెయ్యాలి. ఆ అతుకుల కింద మనిషి కనిపించకుండా పోయాడు. అక్కడ అతనికి ఫ్రాన్స్‌లో దొరికిన ప్రేమ దొరకలేదు. పేరు మారిస్తే నాకు కోపం రాదు, మీ ఇష్టం. అతుకులు వెయ్యొద్దనే నా బాధ.

ఇక అసలు తెలుగు చిక్కు ఒకటుంది, అది మాటల సంఖ్యకు సంబంధించింది కాదు. నువ్వు, మీరు. జపనీస్‌లో హార్లాక్ తనను తాను 'ఒరె' అంటాడు, ఎవరికీ తలవంచని మగవాడి 'నేను' అది. మనకున్నది ఒకే 'నేను', కాబట్టి అతని తలెత్తు ఎదుటివాళ్లను పిలిచే తీరులోనే కనిపించాలి. ఓడలో సిబ్బంది అతన్ని "కెప్టెన్, మీరు" అనాలి, అందులో సందేహం లేదు. అతను వాళ్లను నువ్వు అంటాడు, కానీ "ఒరేయ్" అనడు. సిబ్బందిలో యత్తారాన్ అనేవాడు యుద్ధం లేనప్పుడల్లా ప్లాస్టిక్ ఓడబొమ్మలు అతికించుకుంటూ కూర్చుంటాడు. ఇదేం ఓడ, క్రమశిక్షణే లేదు అని తాదాషి మొదట్లో మండిపడతాడు. హార్లాక్ ఎవర్నీ మందలించడు. గంట మోగితే అదే మనుషులు మెరుపుల్లా తమ తమ చోట్లకు చేరతారు. ఆ నమ్మకం "ఒరేయ్"లో ఇమడదు.

మజోన్ల రాణి రాఫ్లేసియాను ఏమనాలి? శత్రువు కదా అని చాలామంది "నువ్వు" రాస్తారు. నేనైతే "మీరు" రాయమంటాను. ఆమె కూడా చచ్చిపోతున్న లోకాన్ని వదిలి, తన జాతినంతా ఓడల్లో వెంటబెట్టుకుని బయల్దేరిన మనిషి. యుద్ధనౌకల వెనక సామాన్య జనం వస్తుంటారు. ఆ సంగతి తెలిసే కొద్దీ హార్లాక్ కళ్లలో ఆమె మారుతుంది, చివరికి ఎదురెదురుగా నిలిచి గెలిచాక కూడా ప్రాణం తియ్యకుండా వదిలేస్తాడు. మొదటి నుంచీ మీరు అంటూ వస్తే ఆ వదిలెయ్యడానికి వేరే వివరణ అక్కర్లేదు. మాయుని పిలిచేటప్పుడు "అమ్మా", "తల్లీ", "బంగారం" ఏదీ వద్దు. "మాయూ" చాలు. దగ్గరితనం గొంతులో ఉండనివ్వండి.

మీమే గురించి ఒక్క మాట. తన గ్రహాన్నీ, తన వాళ్లందర్నీ పోగొట్టుకున్న స్త్రీ. మద్యమే ఆమె ఆహారం, వీణలాంటి హార్ప్ వాయిస్తుంది, ఆమె మొహంలో నోరు కనిపించదు. వాళ్లిద్దరూ ఒకే గదిలో కూర్చుని ఒకరి దుఃఖాన్ని ఒకరు కదిలించకుండా ఉంటారు. ఆ గదిలో రాసే ప్రతి వాక్యాన్నీ రెండుసార్లు చూసుకోండి.

అతను మూగవాడని నేను అనడం లేదు. "మగాడంటే ఇలా ఉండాలి" తరహా మాటలు మత్సుమోతో కథల్లో చాలా ఉన్నాయి, హార్లాక్ నోట కూడా వస్తాయి. వాటిలో కొన్ని ఈరోజు వింటే నాకు రుచించవు. మూలంలో ఉన్నాయి కాబట్టి ఉంచండి, దాచాల్సిన పని లేదు. కానీ ఒకటి ఉన్నచోట మూడు చెయ్యకండి. మన దగ్గర ఆ రకం మాటకు ఈలలు పడతాయి, ఆ ఈలల కోసం అతన్ని మార్చడం తేలిక. వివరాలు చెప్పడానికి కథలో వ్యాఖ్యాత ఉన్నాడు. సముద్రాలేమయ్యాయో, ఎవరు ఎక్కడికి పోతున్నారో ఆయన చెబుతాడు. హార్లాక్‌కి ఆ ఉద్యోగం ఇవ్వకండి.

కళాకారులకు ఒక విన్నపం. జపనీస్‌లో ఆ గొంతు మాకియో ఇనోవెది. 'లుపాన్ ది థర్డ్'లో గోయెమోన్‌కి దశాబ్దాల పాటు గొంతు ఇచ్చినాయన, 2019లో పోయారు. ఆయన హార్లాక్‌ని ట్రైలర్ గొంతుతో పలకలేదు. లోతైన గొంతే, కానీ బరువు పెట్టడు. వాక్యం చివర పైకి లేపడు, కింద పెట్టేస్తాడు, చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టినట్టు. "బేస్ పెంచండి సార్" అని డబ్బింగ్ థియేటర్లో ఎవరైనా అంటే ఆ భాగం ఒకసారి వాళ్లకు వినిపించండి. పాత సిరీస్ కాబట్టి ఎం అండ్ ఈ ట్రాక్ (మాటలు లేకుండా సంగీతం, చప్పుళ్లు మాత్రమే ఉండేది) విడిగా దొరక్కపోతే, ఆ నెపంతో సెయిజి యోకోయామా సంగీతాన్ని తీసేసి కొత్త డప్పులు పెట్టకండి. హార్లాక్ ఊరుకున్నచోట మాట్లాడేది ఆ వాయులీనాలే.

హార్లాక్ ముగిసిన రెండు నెలలకే, 1979 ఏప్రిల్‌లో 'మొబైల్ సూట్ గండమ్' వచ్చింది, అందులో ముసుగు వేసుకున్న చార్ అజ్నబుల్. తండ్రిని చంపిన జాబీ వంశం మీద పగతో, వాళ్ల కొడుకు గార్మాతో స్నేహం నటించి చావుకు పంపిస్తాడు. అతనూ నాకు ఇష్టమే. చార్ మాటల మనిషి, మాటల్లో దాక్కునే మనిషి, అతనికి మీరు ఎంత పదునైన తెలుగు ఇచ్చినా సరిపోతుంది. ఇద్దరికీ ఒకే రకం డైలాగు రాస్తే ఇద్దరూ పోతారు. నీడలో నిలబడ్డ ప్రతివాడూ ఒక్కడే అన్నట్టు రాయొద్దనడానికే ఈ పోలిక.

చివరగా 42వ భాగం. యుద్ధం అయిపోయింది. భూమి మిగిలింది, పాడుబడి. హార్లాక్ తన సిబ్బందిని అక్కడే దింపేస్తాడు, తాదాషిని కూడా. ఆ నేలను బాగుచేసుకోవాల్సింది వాళ్లు. మీమేను మాత్రం వెంటబెట్టుకుని ఆర్కేడియా ఎక్కి వెళ్లిపోతాడు. మాయు కింద ఉండిపోతుంది. ఏ బహుమానం అడగడు, ఎవరి క్షమాపణా అడగడు. ఓడ చిన్నదై చుక్క అయ్యేదాకా సంగీతం నడుస్తుంది. మీ స్క్రిప్టు కాగితంలో ఎడమ పక్క టైమ్‌కోడ్ నడుస్తూ ఉంటుంది, కుడి పక్క మాటల గడి ఖాళీగా ఉంటుంది. అక్కడికి వచ్చాక ఆ గడి అలాగే ఖాళీగా డబ్బింగ్ థియేటర్‌కి పంపండి. "ఇక్కడ తెలుగులో ఏదైనా ఉంటే బాగుంటుంది" అని ఎవరైనా ఫోన్ చేస్తే, వద్దని చెప్పండి. ఆ రోజు మా మేనల్లుడు నా పక్కన కూర్చుని చూస్తుంటాడు.

మీ పని మీద ప్రేమతో,
ఒక ప్రేక్షకుడు